లప్పం పెట్టని మొహం

ఆ కోటు మళ్ళీ కనబడింది. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కన కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఎవరో పెద్దాయన. పైన ఎర్రటి అక్షరాలతో 'అశ్రునివాళి'. ముదురు నీలం కోటు, తెల్ల చొక్కా, ఎర్ర చారల టై, వెనకాల మేఘాలు. మెడ ఒక రంగులో ఉంది, మొహం ఇంకో రంగులో ఉంది. ఆ పెద్దాయన ఎవరో నాకు తెలియదు గానీ కోటు మాత్రం బాగా తెలుసు. పోయిన ఏడాది మా ఇంటి ఓనరు ఒంటి మీద చూశాను. అంతకు ముందు మా వీధి చివర కిరాణా కొట్టాయన ఒంటి మీద చూశాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఈ మధ్య పోయిన మగవాళ్ళందరూ ఒకే కోటు మార్చి మార్చి తొడుక్కుని పైకి వెళ్తున్నారు. సిగ్నల్ పడినా నేను కదలకపోయేసరికి వెనకున్న ఆటో అతను హారన్ మోగించాడు. నాకు ఒళ్ళు మండిపోతోందని అతనికేం తెలుసు.

మా ఓనరు పేరు చెప్పను. చెబితే "ఎవరు, ఆ కెమెరా ఆయనా?" అని మా కాలనీలో సగం మంది నవ్వుతారు, నాకు మళ్ళీ కోపం వస్తుంది. చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక సందులో కింద వాళ్ళు, పైన మేము. మాది తెనాలి, ఆయనది నాదర్‌గుల్. వాళ్ళ నాన్నకి అక్కడ పొలాలుండేవి. ఈయన మాత్రం ఎల్బీనగర్‌లో రంగుల కొట్టు పెట్టుకుని బతుకంతా గోడల రంగులు, బ్రష్షులు, లప్పం అమ్మాడు. రంగు వేసే ముందు గోడకున్న గుంటలూ బీటలూ కనబడకుండా పూస్తారే, ఆ తెల్లటి ముద్దే లప్పం. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని, ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. ఆయన నన్ను మామూలుగా బిడ్డా అనేవాడు. అమ్మా అన్నాడంటే కోపంలో ఉన్నాడని అర్థం.

మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజుల్లో ఆయన కొట్టు మూసేసి, ఆ నెలలోనే కెమెరా కొన్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొనే రకం, ఉన్నవాటిలో చిన్నది. చేతులు కుదిరాక పెద్దది కొందురుగాని లెండి అన్నాడట షాపులో కుర్రాడు. చేతులు కుదిరాయి, పెద్దది మాత్రం రాలేదు. దానితో పాటు వచ్చిన లెన్సే చివరిదాకా ఉంది. ఏ పెళ్ళికి వెళ్ళినా, కెమెరాకి బారెడు లెన్సు తగిలించుకున్న ఫోటోగ్రాఫరు ఒకడు ఆయన్ని ఎగాదిగా చూసి, ఇంకా అదే వాడుతున్నారా అంకుల్ అని అడిగేవాడు. ఆ తర్వాత మంచి కెమెరాలున్న ఫోన్లొచ్చాయి. అప్పుడు చుట్టాలు మొదలుపెట్టారు, మా ఫోనే దానికన్నా మంచిగా తీస్తుంది అని. ఇన్నేళ్ళలో ఆయన్ని కెమెరా ఖరీదు అడిగినవాళ్ళే గానీ, తీసిన ఫోటో ఒకటి చేతిలోకి తీసుకుని నిదానంగా చూసినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏం, దీనికి కండ్లు పోయినయా?"

కళ్ళు పోలేదు గానీ మిగతావన్నీ ఒక్కొక్కటే పోయాయి. చెయ్యి పట్టే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ పంక్చర్లకి వాడే సొల్యూషన్ పూసి అంటించాడు. పైన లేచే ఫ్లాష్ మూసుకోవడం మానేస్తే రబ్బరు బ్యాండు వేశాడు. సంచి చినిగితే పిన్నిగారు పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి కొత్తది కుట్టింది. పైనున్న చక్రాన్ని మొదటి ఏడాది, అన్నీ కెమెరానే చూసుకునే పచ్చ గుర్తు మీదే ఉంచాడు. తర్వాత ఒకరోజు ఒక గడి పక్కకి తిప్పాడు. ఎందుకు తిప్పాడో చెప్పలేదు, మళ్ళీ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది చుక్క. కెమెరా లోపల ఎప్పుడో దుమ్ము పడింది. ఆకాశం పడ్డ ప్రతి ఫోటోలో కుడివైపు పైన మిరియపు గింజలో సగం అంత బూడిదరంగు చుక్క ఉండేది. సర్వీసుకివ్వమని నేనే చాలాసార్లు చెప్పాను. విప్పినవాడు మళ్ళీ బిగించలేడని ఆయన భయం. ఆదివారాలు స్కూటరు మీద బడంగ్‌పేట్ మీదుగా నాదర్‌గుల్ వెళ్ళేవాడు. అక్కడ విమానాలు నడపడం నేర్పుతారు. చిన్నప్పుడు పొలంలోంచి చూసిన విమానాలు కదా, వాటిని ఫోటో తీయాలని ఆశ. ఆ లెన్సుకి అంత దూరం అందదు. తెచ్చిన ఫోటోల్లో ఆకాశమంతా ఉండేది, విమానం చుక్కంత ఉండేది. పిన్నిగారు ఫోటో అందుకుని, ఇందులో విమానమేది, దుమ్మేది అని నెమ్మదిగా అడిగేది. రెండూ విమానాలే అని ఆయన దబాయించేవాడు. అలా ఆ ఇంట్లో దుమ్ముచుక్కకి విమానం అనే పేరు స్థిరపడింది.

విమానాలు దూరమని కాబోలు, మనుషుల్ని దగ్గర్నించి తీసేవాడు. ముఖ్యంగా ముసలివాళ్ళని. అందులో ఆయన పద్ధతి ఒకటుంది. నవ్వమని అనడు, ఇటు చూడమని అనడు. ఎదురుగా కూర్చుని గొడవ పెట్టుకుంటాడు. రిటైరైన మాస్టారితో ఇప్పటి లెక్కలే మేలంటాడు. భజనలు పాడే పెద్దావిడతో, మీకు తాళం రాదంటాడు. వాళ్ళకి ఉక్రోషం వచ్చి, నిటారుగా లేచి, మాటకి మాట చెబుతుండగా ఒళ్ళో ఉన్న కెమెరా మెల్లగా పైకి లేచేది. టక్. ఆ చప్పుడు ఫోను చేసే దొంగ చప్పుడు కాదు. లోపల అద్దం నిజంగా లేచి పడుతుంది. అది విన్నాక అవతలివాళ్ళకి తెలిసేది, గొడవ ఎందుకు వచ్చిందో.

మా అమ్మని కూడా అలాగే తీశాడు. అమ్మ ఆయనకన్నా పెద్దదే, అయినా మా వైపు అలవాటు కొద్దీ అన్నయ్యగారూ అనేది. నేను తమ్ముణ్ణక్కా అని ఆయన మొత్తుకునేవాడు. ఒకరోజు అమ్మ డాబా మీద గోంగూర ఆరబోస్తుంటే ఈయన వెళ్ళి, ఆకు బాగానే ఉంది గానీ మీ ఆంధ్రావాళ్ళు నూనెలో ముంచి పుంటికూరని చంపేస్తారని అన్నాడు. వాళ్ళ వైపు గోంగూరని పుంటికూర అంటారు. అమ్మ లేచింది. చూపుడువేలు పైకెత్తి, తెనాలి నుంచి తెచ్చిన ఊరగాయల చరిత్రంతా వినిపించింది. నేను మెట్ల మీద నిలబడి నవ్వుతున్నాను. టక్ మంది.

ఆ తర్వాత రెండేళ్ళకి అమ్మ పోయింది. మా తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టూడియోకి వెళ్ళి, పాత పెళ్ళి ఫోటోలోంచి అమ్మ మొహం తీయించి పెద్దది చేయించి తెచ్చాడు. ముడతలు లేవు. ముక్కు పక్కన పుట్టుమచ్చ లేదు. అమ్మ రంగు చామనచాయ, ఫోటోలో ఆవిడ పాలరాయి. మెళ్ళో అమ్మ ఎన్నడూ పెట్టుకోని రాళ్ళ హారం. వచ్చినవాళ్ళంతా ఎంత కళగా ఉందో అన్నారు. నేను ఏడుద్దామని ఆ ఫోటో ముందు కూర్చుంటే ఏడుపు రాలేదు. పరాయి మనిషి ముందు ఏడవాలంటే మొహమాటంగా ఉంటుంది.

బాబాయిగారు పైకి వచ్చి ఫోటో చూశాడు. నన్ను అమ్మా అన్నాడు.

"ఎవలమ్మా గీమె? మొహానికి లప్పం పెట్టిండ్రు. బతుకంత లప్పమమ్మినోణ్ణి, నాకెర్కలేదా? గోడకు పెడ్తరు, ఎందుకంటె గోడకు మొహముండదు. మనిషికి పెడ్తరా?"

అని దిగిపోయి, పెద్ద సైజు ప్రింటు ఒకటి పట్టుకొచ్చాడు. డాబా, గోంగూర, ఎత్తిన చూపుడువేలు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, కుడివైపు పైన చుక్క. అమ్మ నన్ను తిట్టబోతున్నట్టే ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దండ ఆ ఫోటోకే. ఏమిటండీ, ఆవిడ కొట్టడానికి వస్తున్నట్టుంది అని ఎవరైనా అంటే, అవును, వచ్చేది అంటాను.

ఆ ఫోటో చూసిన వాళ్ళు తమ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు ఆయన దగ్గరకి వచ్చారు. లెక్కల మాస్టారి ఫోటో అలా గోడెక్కింది, తాళం రాని పెద్దావిడ ఫోటో కూడా. ఆయన బతికున్నవాళ్ళని తీశాడు. వాళ్ళు ముసలివాళ్ళు కాబట్టి కాలం తీరి పోయారు. ఇందులో తెలియనిదేముంది? కానీ మా కాలనీకి ఇంకోలా అర్థమయింది. ఆయన తీసిన ఫోటోలకే దండలు పడుతున్నాయి కాబట్టి, ఆయన ఫోటో తీస్తే దండ పడుతుందట. ముందు నవ్వులాటగా మొదలైంది, తర్వాత నిజమై కూర్చుంది. పార్కులో ఆయన్ని చూసి పెద్దవాళ్ళు బెంచీలు మారారు. ఇంజనీర్లు, లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు ఉన్న కాలనీ మాది. పిల్లలకి సైన్సు చెప్పించడానికి ఇల్లమ్మి కోచింగ్ ఫీజులు కట్టినవాళ్ళున్న కాలనీ. వాళ్ళు ఒక చిన్న కెమెరాకి భయపడి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు.

ఒకసారి కాలనీ ప్రెసిడెంటు తండ్రికి సహస్ర చంద్ర దర్శనం చేశారు. అందరినీ పిలిచారు, ఈయన్నీ పిలిచారు. జీన్స్ సంచి భుజానికి తగిలించుకుని వెళ్తే కమ్యూనిటీ హాలు గుమ్మంలోనే ప్రెసిడెంటు ఎదురొచ్చాడు. చాలా మర్యాదగా, భోజనం చేసి వెళ్ళండి, అది మాత్రం లోపలికి వద్దు, మా నాన్నగారు కంగారుపడతారు అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఎప్పుడూ ఎవరి మాటా పడని మనిషి, ఏమీ అనకుండా వెనక్కి తిరిగాడు. నాకు ఆ మర్యాద మీదే ఎక్కువ మంట. తిడితే తిరిగి తిట్టేవాడు కదా.

ఆ సాయంత్రం డాబా మీద కలిశాడు. "నేను తీస్తె చస్తరట బిడ్డా," అన్నాడు. "తియ్యకపోతె బతుకుతరా?"

బతకలేదు. ఆ పెద్దాయన ఏడాది తిరక్కుండానే పోయాడు. అప్పుడు అదే ప్రెసిడెంటు మా గేటు దగ్గరకి వచ్చి, గొంతు తగ్గించి, నాన్నగారిది మంచి ఫోటో ఏమైనా ఉందా అని అడిగాడు. నేనైతే తలుపు మొహం మీద వేసేదాన్ని. ఈయన లోపలికి వెళ్ళి వెతికాడు. ఎప్పుడో పార్కులో రాజకీయాల మీద వాదిస్తున్న ఫోటో ఒకటి దొరికింది, ఇచ్చాడు. ఇస్తూ, లప్పం పెట్టించొద్దు అని ఒక్క మాట అన్నాడు. పెట్టించారు. కోటు కూడా తొడిగించారు.

ఆ ఫ్లెక్సీ సందు మొదట్లో కట్టిన మర్నాడు ఆయన నన్ను డాబా మీదకి పిలిచాడు. ఒంటి మీద ఎప్పటి గళ్ళ చొక్కా, మోకాళ్ళ దగ్గర జారిన ప్యాంటు. నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని, కెమెరా నా చేతిలో పెట్టాడు. అన్నేళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వలేదు దాన్ని. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది, సొల్యూషన్ వాసన వేస్తోంది.

"రేపు నాకూ కోటు తొడుగుతరు," అన్నాడు. "నా పెండ్లికే తొడుక్కోలే. నువ్వొకటి తియ్యి. తీసి నీ కాడ వెట్టుకో. గా రోజున ఇంట్ల ఇయ్యి."

అలా మాట్లాడకండి బాబాయిగారూ అన్నాను. ఆయనకి అలాంటి మాటలు నచ్చవు. ముందు ఫోటో తియ్యమన్నాడు. నేను కంటికి ఆనించి చూశాను. ఆయన వెనక ఆకాశం, దూరంగా మెట్రో లైను. మీట నొక్కబోతే అరిచాడు, సగం నొక్కి ఆగమని. సగం నొక్కితే, ఆగమన్నాను కదా, చెయ్యి ఊపుతున్నావేమని అరిచాడు. మోచేతులు పక్కలకి ఆనించమన్నాడు. ఊపిరి బిగబట్టొద్దన్నాడు. ఇంత మందితో గొడవ పెట్టుకుని ఫోటోలు తీసిన మనిషి, తన వంతు వచ్చేసరికి నాతోనూ పెట్టుకున్నాడు. నాకు చిరాకొచ్చి నొక్కేశాను. టక్.

వెనక తెరలో చూసుకున్నాడు. కుడిచెయ్యి గాల్లో ఉంది, నోరు బారెడు తెరుచుకుని ఉంది, కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. మళ్ళీ తీస్తానన్నాను. వద్దన్నాడు. ఆ వారంలోనే పెద్ద ప్రింటు తీయించి, గట్టి అట్టల మధ్య పెట్టి నాకు ఇచ్చాడు. నా బీరువాలో చీరల కింద దాచాను.

ఆయన పోయినప్పుడు నేను తెనాలిలో ఉన్నాను, మా ఆడపడుచు కూతురి పెళ్ళికి. కబురు తెలిసి బయల్దేరి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. సందు మొదట్లోనే ఫ్లెక్సీ ఎదురయింది. నీలం కోటు, ఎర్ర చారల టై, వెనకాల మేఘాలు. ఆ మేఘాల మీద చుక్క కూడా లేదు. మొహం ఆధార్ కార్డులోంచి తీశారు. ఇన్నేళ్ళు కాలనీలో అందరి మొహాలూ ఉన్నవి ఉన్నట్టు దాచిపెట్టిన మనిషికి, ఆఖరికి ఏదో కౌంటర్లో ఎవరో తీసిన మొహం దక్కింది. దానికీ లప్పం పూశారు. బుగ్గలు నున్నగా, పెదాలు గులాబీ రంగులో, నోరు బుద్ధిగా మూసుకుని ఉంది. నేను ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి పైకే తిట్టాను. దారిన పోయేవాళ్ళు చూశారు. చూడనీ అనుకున్నాను.

దినాలనాడు అట్టలు చంకలో పెట్టుకుని కిందికి దిగాను. ముందు గదిలో బల్ల మీద అదే కోటు ఫోటో, పెద్ద ఫ్రేములో. పక్కన అగరొత్తులు, ఇంకా వెయ్యని బంతిపూల దండ. వాళ్ళబ్బాయి వచ్చేవాళ్ళకి కుర్చీలు చూపిస్తున్నాడు. బడంగ్‌పేట్‌లో ప్లాట్ల వ్యాపారం అతనిది, చెడ్డవాడేమీ కాదు. నేను అట్టలు విప్పి ఫోటో చూపించి, మీ నాన్నగారు అడిగి మరీ తీయించుకున్నది ఇదే, దీన్నే పెట్టాలి అన్నాను. అతను చూసి ఇబ్బందిగా చుట్టూ చూశాడు.

"గిదెట్ల పెడ్తం అక్కా? నోరు తెర్సుకొని ఉన్నడు. బాపు బతికినన్ని రోజులు అందరితోని లొల్లే. పోయినంకనన్న జర మంచిగ కనపడనీ."

ఆ మాటలో ప్రేమ ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. మీ నాన్న ఎప్పుడైనా కోటు వేసుకున్నాడా అని అడిగాను. లేదన్నాడు. ఈ బల్ల మీదున్నాయన మిమ్మల్ని ఎప్పుడైనా తిట్టాడా అని అడిగాను. అప్పటికే కాలనీ పెద్దలు కుర్చీల్లోంచి ఇటు తిరిగారు. ప్రెసిడెంటు లేచి వచ్చి, ఈ సమయంలో ఎందుకమ్మా, ఇదీ బాగానే ఉంది కదా అన్నాడు. మీ నాన్నగారిదీ బాగానే ఉందనుకున్నారు, మీరు వెనక్కి పంపిన కెమెరాతో తీసిందే అది అన్నాను. అద్దెకున్నవాళ్ళకి ఇంత పెత్తనమేమిటని ఎవరో గొణిగారు. ఫోటో నా చేతుల్లోనే ఉండిపోయింది.

పిన్నిగారు అప్పటిదాకా గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆయన అంత గట్టిగా మాట్లాడిన ఇంట్లో ఆవిడ గొంతు నేను ఎప్పుడూ గట్టిగా వినలేదు. ఇటివ్వమన్నట్టు చెయ్యి చాపింది. ఫోటో ఒళ్ళో పెట్టుకుని, గాల్లో లేచిన ఆ చేతినీ, తెరుచుకున్న ఆ నోటినీ చాలాసేపు చూసింది. ఎండిపోయిన కళ్ళల్లో మళ్ళీ నీళ్ళు తిరిగాయి.

"గా మనిషి నోరు మూసుకొని ఎన్నడున్నడు?" అంది కొడుకుతో. "గా కోటాయన ఎవలో నాకెర్కలేదు. గాయనకు నేను దండెయ్య. ఇది పెట్టుండ్రి."

వాళ్ళబ్బాయి బల్ల దగ్గరకి వెళ్ళి, ఫ్రేము తిరగేసి, వెనక మేకులు వంచి, కోటు ఫోటోని బయటికి తీశాడు. మా ఫోటో అందులో సరిగ్గా పట్టలేదు, ఒక పక్క కాస్త ఖాళీ మిగిలింది. అయినా బిగించి నిలబెట్టాడు. నీళ్ళ ట్యాంకు, మెట్రో లైను, గళ్ళ చొక్కా. ఆయన గదిలో ఉన్న అందరి మీదా అరుస్తున్నాడు.

పిన్నిగారు లేచి దండ వేసింది. కుడివైపు పైన ఏదో అంటుకున్నట్టుంటే కొంగుతో అద్దం తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడవబోయి ఆగింది.

"విమానం," అంది.

దండ దాని మీద పడకుండా కొంచెం పక్కకి జరిపి, వచ్చి మళ్ళీ చాప మీద కూర్చుంది.